చిన్న కారుని మోటర్‌హోమ్ వెనక కట్టి లాగాలి, ఎక్కడ మొదలుపెట్టాలి?

కొత్తమజిలీ | ఆదివారం, రాత్రి 9:40
అందరికీ నమస్కారం. పోయిన నెల సెకండ్ హ్యాండ్‌లో ఒక మోటర్‌హోమ్ తీసుకున్నాం. నడపడం అలవాటవుతోంది. ఇబ్బందల్లా ఒకచోట దిగి సర్దుకున్నాకే. చిన్న పని మీద బయటికి వెళ్లాలన్నా నీళ్ల పైపు పీకి, కరెంటు తీగ చుట్టి, అల్మారాలకి గడియలు పెట్టి, మొత్తం ఇంటినే రోడ్డెక్కించాలి. అందుకని వెనక ఒక చిన్న కారు కట్టుకుందామని ఆలోచన.

ఇంట్లో రెండు చిన్న కార్లున్నాయి. నాది మూడేళ్లది, సీవీటీ ఆటోమేటిక్ (గేర్లకి బదులు బెల్టూ పుల్లీలూ ఉండే రకం). ఇంకోటి పాతది, ఐదు గేర్ల మాన్యువల్. నాదే కడదామనుకుంటున్నాను. న్యూట్రల్‌లో పెట్టి, ముందున్న కొక్కేనికి బార్ తగిలించి లాగేస్తే సరిపోతుందా?

నిదానం | ఆదివారం, రాత్రి 10:05
ముందున్న ఆ కొక్కెం గోతిలో దిగబడిన కారుని బయటికి లాగడానికి. దానికి బార్ తగిలించి హైవే ఎక్కకండి.

దారులు మూడు. నాలుగు చక్రాలూ నేల మీదే ఉంచి లాగడం ఒకటి. ముందు రెండు చక్రాలని డాలీ అనే చిన్న బండి మీదికెక్కించి, వెనకవి దొర్లనివ్వడం ఇంకోటి. కారు మొత్తాన్ని ట్రెయిలర్ మీద పెట్టడం మూడోది. ట్రెయిలర్ అయితే ఏ కారైనా ఫరవాలేదు, కానీ లాగే బరువు బాగా పెరుగుతుంది, దిగాక ఆ ఖాళీ ట్రెయిలర్ ఎక్కడ పెట్టాలన్నది మరో తలనొప్పి. మీరు అడుగుతున్నది మొదటిది. దానికి కారు తయారుచేసినవాళ్లు ఒప్పుకుని ఉండాలి. కారుతో వచ్చిన పుస్తకంలో టోయింగ్ పేజీ చదివి ఇక్కడ రాయండి, అప్పుడు మాట్లాడదాం.

గేర్‌బాక్స్ బాబాయి | ఆదివారం, రాత్రి 10:31
నాయనా, పుస్తకం దొరికేలోపు నా మాట విను. ఆ సీవీటీని కట్టకు.

ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో నూనెని తిప్పే పంపు మామూలుగా ఇంజిన్‌తో తిరుగుతుంది. ఇంజిన్ ఆపావా, పంపు ఆగింది. కానీ చక్రాలు రోడ్డు మీద దొర్లుతున్నాయి కదా, వాటికి కలిసిన భాగాలన్నీ లోపల గిర్రున తిరుగుతూనే ఉంటాయి. న్యూట్రల్ అంటే ఇంజిన్‌కీ చక్రాలకీ మధ్య లంకె తెగడమే గానీ లోపల అన్నీ ఆగిపోవడం కాదు. ఇది చాలామందికి తెలియదు. నూనె అందకుండా గంటల తరబడి తిరిగితే బేరింగులు పోతాయి, సీవీటీలో అయితే బెల్టూ పుల్లీలూ పోతాయి. అలాంటివి రెండు నా చేతులతోనే విప్పాను. మూత తియ్యగానే కాలిన వాసన.

మూడోగేరు | ఆదివారం, రాత్రి 10:44
అంటే మాన్యువల్ గేరు కారైతే ఏదైనా కట్టొచ్చన్నమాట?

గేర్‌బాక్స్ బాబాయి | ఆదివారం, రాత్రి 11:02
ఏదైనా అని నేననలేదు. మాన్యువల్‌లో చాలావరకు పంపు ఉండదు, గేర్లు నూనెలో మునిగి తిరుగుతూ పైకి చిమ్ముతాయి. ఇంజిన్ అడ్డంగా కూర్చుని ముందు చక్రాలని తిప్పే చిన్న కార్లలో డిఫరెన్షియల్ (రెండు చక్రాలకీ శక్తిని పంచే గేర్ల జట్టు) కూడా అదే నూనెలో ఉంటుంది. చక్రం తిరిగితే దాని పెద్ద గేరు తిరిగి నూనె చిమ్ముతుంది. అందుకే ఆ రకం కార్లు చాలావరకు న్యూట్రల్‌లో హాయిగా వచ్చేస్తాయి. వెనక చక్రాలు తిప్పే బండ్లలో కొన్నిటికి నూనె చిమ్మే షాఫ్టు ఇంజిన్ వైపుది. ఇంజిన్ ఆగితే అదీ ఆగుతుంది, చక్రాల వైపు షాఫ్టు మాత్రం పొడిగా తిరుగుతుంది. వాటికి డ్రైవ్ షాఫ్టే విప్పి కట్టేవాళ్లున్నారు. జీప్ రాంగ్లర్‌లో ట్రాన్స్‌ఫర్ కేస్‌కే (ముందు, వెనక చక్రాలకి శక్తిని పంచే పెట్టె) విడిగా న్యూట్రల్ ఉంటుంది, మోటర్‌హోమ్‌ల వెనక అవి అన్ని కనబడేది అందుకే.

ఎలక్ట్రిక్ కార్ల సంగతి కూడా ఎవరో ఒకరు అడుగుతారు. చాలావాటికి వద్దు. చక్రం తిరిగితే మోటరు కరెంటు పుట్టిస్తుంది, అది ఎక్కడికి పోవాలి?

వెనకచూపు | సోమవారం, ఉదయం 7:15
పుస్తకంలో రెండు వేరువేరు సంగతులుంటాయి, జాగ్రత్త. పాడైన కారుని వర్క్‌షాప్ దాకా నెమ్మదిగా కొద్ది దూరం లాక్కెళ్లడం ఒకటి. ప్రయాణంలో మోటర్‌హోమ్ వెనక రోజంతా లాగడం ఇంకోటి. మొదటిదానికి అనుమతి ఉంటే రెండోదానికి ఉన్నట్టు కాదు. షోరూమ్‌లో అడిగితే ‘ఏం కాదు సార్, న్యూట్రల్‌లో పెట్టండి’ అంటారు. ఆ మాట కాగితం మీద రాసివ్వమనండి, రాయరు.

నాది హోండా సీఆర్-వీ, 2014 మోడల్. ఆటోమేటికే, అయినా లాగొచ్చని పుస్తకంలోనే ఉంది. కాకపోతే దానికో పెద్ద తతంగం. ఇంజిన్ స్టార్ట్ చేసి, బ్రేకు నొక్కిపట్టి, లీవరు అన్ని స్థానాల్లోకీ తిప్పి, డి (డ్రైవ్) లో 5 సెకన్లు ఉంచి, న్యూట్రల్‌కి తెచ్చి, ఇంజిన్‌ని 3 నిమిషాలు ఆడనిచ్చి అప్పుడు ఆపాలి. 8 గంటలు దాటితే మళ్లీ మొదట్నుంచీ. అదే కారు 2015 లో సీవీటీతో వచ్చింది, ఇక లాగొద్దన్నారు. పేరు అదే, ఏడాది తేడా, అంతే. ‘మా ఫ్రెండు అదే కారు లాగుతున్నాడు’ అని ఎవరన్నా చెబితే, ఏ ఏడాదిది, ఏ గేర్‌బాక్స్ అని అడగందే నమ్మను.

కొత్తమజిలీ | సోమవారం, సాయంత్రం 6:50
పుస్తకం చూశాను. నా కారుకి ‘నాలుగు చక్రాల మీద లాగరాదు’ అని పెద్ద గీత గీసి మరీ రాశారు. బాబాయి గారూ, మీరు లేకపోతే గేర్‌బాక్స్ పోగొట్టుకునేవాణ్ణి. పాతదానికి మాత్రం లాగొచ్చని ఉంది. గేరు న్యూట్రల్, తాళం ఏసీసీ (ఇంజిన్ ఆగి ఉన్నా స్టీరింగ్ లాక్ పడని స్థానం) దగ్గర, వేగం గంటకి 90 కి.మీ. దాటకూడదు. బంపర్ విప్పి కొంచెం కొయ్యాల్సి వస్తుందట. శనివారం మొదలుపెడతాను.

కారు ఓనర్‌ని | సోమవారం, రాత్రి 8:12
‘ఇంకోటి పాతది’ అని పైన రాసిన కారు నాది. నన్నెవరూ అడగలేదు. ఇప్పుడే ఈ చర్చంతా చదివాను. కొయ్యడమంటే ఎంత కొయ్యాలి? బార్ తీసేశాక ముందు ఏం కనబడుతుంది? కారు మామూలుగా నడుపుకోవచ్చా? ఈ మూడింటికీ జవాబులొచ్చాకే మా ఇంట్లో స్క్రూడ్రైవర్ బయటికొస్తుంది.

మూడోగేరు | సోమవారం, రాత్రి 8:15
:D :D

స్పేర్‌టైర్ | సోమవారం, రాత్రి 9:30
మేడమ్, మంచి ప్రశ్నలు. మా తమ్ముడి కారుకి నేనే బిగించాను కాబట్టి చెబుతాను.

కారు ముందు ఛాసిస్‌కి బోల్టులతో ఒక ఉక్కు చట్రం పడుతుంది, బేస్ ప్లేట్ అంటారు. ప్రతి మోడల్‌కీ, చాలాసార్లు ప్రతి ఏడాదికీ వేరుగా దొరుకుతుంది. అది బంపర్ కవర్ వెనకే ఉంటుంది. బయటికి కనబడేవి రెండు కొసలు మాత్రమే, కింది జాలీలోంచి. కొన్ని రకాల్లో ఆ కొసలు కూడా విప్పి డిక్కీలో పడేయొచ్చు. కొయ్యాల్సింది ఎక్కువగా లోపలి ఫోమ్, కింది ప్లాస్టిక్ జాలీలో రెండు గళ్లు. పెయింటున్న భాగం కొయ్యమని సూచనల్లో ఉంటే ఆ ప్లేటు వద్దనుకుని ఇంకోటి వెతకండి. కొనకముందే సూచనల కాగితం తెప్పించుకుని చదవొచ్చు.

బిగించాక కారు మామూలుగానే నడుస్తుంది, కొంచెం బరువు పెరుగుతుందంతే. తమ్ముడి కారుకి బంపర్ కవర్ తియ్యడానికి నాకు పూట పట్టింది. క్లిప్పులు విరుగుతాయి, కొత్తవి ముందే ఓ గుప్పెడు తెచ్చిపెట్టుకోండి. ఫోన్లో ప్రతి దశా ఫోటో తియ్యండి. ఏ స్క్రూ ఎక్కడిదో సాయంత్రానికి ఒక్కటీ గుర్తుండదు.

బోల్టులు చేతి లెక్కన బిగించొద్దు. టార్క్ రెంచి పట్టాలి, సూచనల్లో రాసిన అంకెకే ఆపాలి. మరకి లాక్ జిగురు వెయ్యాలి. చివర్లో ప్రతి బోల్టు తల మీదనుంచి పక్కనున్న ఇనుము మీదికి ఒక పెయింటు గీత గియ్యండి. బోల్టు కాస్త తిరిగినా గీత విరిగి కనబడుతుంది. మొదటి ప్రయాణంలో 80, 100 కి.మీ. పోయాక దిగి చూడాల్సింది ఆ గీతల్నే.

నిదానం | సోమవారం, రాత్రి 10:20
బరువు సంగతి ఎవరూ ఎత్తలేదు. మోటర్‌హోమ్ తలుపు దగ్గరో సీటు పక్కనో ఒక పలక ఉంటుంది. దాని మీద బండి ఒక్కదానికే ఎంత బరువు ఉండొచ్చో, వెనక లాగేదాన్ని కలుపుకుని ఎంత ఉండొచ్చో, రెండు అంకెలుంటాయి. రెండోదాంట్లోంచి మీ బండి అసలు బరువు తీసేస్తే మిగిలింది కారుకి. అసలు బరువంటే నీళ్లు నింపి, సామాన్లు పెట్టి, మనుషులెక్కాక వేబ్రిడ్జి మీద తూచింది, బ్రోచర్లోది కాదు. తర్వాత హిచ్ (మోటర్‌హోమ్ వెనక బార్ తగిలించే చోటు) మీద ఒక అంకె, టో బార్ మీద ఒక అంకె, బేస్ ప్లేటు మీద ఒక అంకె, సేఫ్టీ కేబుళ్ల మీద ఒక అంకె ఉంటాయి. వీటన్నిట్లో ఏది తక్కువో అదే మీ పరిమితి. గట్టి బార్ కొన్నంత మాత్రాన బలహీనమైన హిచ్ గట్టిపడదు.

ఇంకోటి. టో బార్ నేలకి సమాంతరంగా ఉండాలి. రెండు కొసల ఎత్తుల మధ్య తేడా 3 అంగుళాలు మించకూడదని చాలా బార్‌ల సూచనల్లో ఉంటుంది. మోటర్‌హోమ్ హిచ్ మామూలుగా ఎత్తులో ఉంటుంది కాబట్టి దాన్ని కిందికి దించే అడాప్టర్ పెట్టాల్సి రావచ్చు. ఏటవాలు ఎక్కువైతే బ్రేకు వేసినప్పుడు కారు బార్‌ని తోసుకుని మోటర్‌హోమ్ కిందికి దూరాలని చూస్తుంది.

తీగలమారి | మంగళవారం, ఉదయం 6:40
లైట్ల గురించి నేను చెబుతాను, అందరూ తప్పు చేసేది ఇక్కడే.

కారు వెనక లైట్లు మోటర్‌హోమ్ చెప్పినట్టు వెలగాలి. సులువైన పద్ధతి అయస్కాంతాలతో అతుక్కునే లైట్ల జత, తీగ పరుచుకుంటూ ముందుకి తెచ్చుకోవడమే. ఎప్పుడో ఒకసారి లాగేవాళ్లకి చాలు. రోజూ అంటే విసుగు, పెయింటు కూడా గీసుకుపోతుంది. రెండోది, కారు లైటు గూట్లోనే అదనంగా ఒక బల్బు పెట్టి దానికి విడిగా తీగ లాగడం. కారు వైరింగ్‌ని ముట్టుకోం కాబట్టి నాకు ఇదే ఇష్టం. కాకపోతే గూట్లో చోటుండాలి. మూడోది, కారు సొంత లైట్ల తీగలకే కలపడం. అలా కలిపితే డయోడ్లు తప్పనిసరి. అవి లేకపోతే మోటర్‌హోమ్ నుంచి వచ్చిన కరెంటు వెనక్కి కారు ఎలక్ట్రానిక్స్‌లోకి పోతుంది. లైటు వెలిగిందని సంబరపడతారు, వారానికి డాష్‌బోర్డులో క్రిస్మస్ చెట్టు కనబడుతుంది.

ఇంకో చిక్కు. కొన్ని మోటర్‌హోమ్‌లలో బ్రేకు లైటూ ఇండికేటరూ ఒకే తీగ మీద, ఒకే ఎర్ర బల్బులో ఉంటాయి. మీ కారులో ఇండికేటర్ విడిగా పసుపు రంగులో ఉంటే రెండూ కలవవు, మధ్యలో కన్వర్టర్ కావాలి. తీగలు కొనకముందే మోటర్‌హోమ్ సాకెట్‌ దగ్గర టెస్టర్ పెట్టి ఏ పిన్నులో ఏం వస్తోందో రాసుకోండి. తీగల రంగుల్ని నమ్మకండి, అది సెకండ్ హ్యాండ్ బండి.

ఇక బ్యాటరీ. స్టీరింగ్ లాక్ పడకుండా తాళం ఏసీసీ దగ్గర ఉంచాలి కదా, అంతసేపూ ఏదో ఒకటి కరెంటు తాగుతూనే ఉంటుంది. సాయంత్రానికి చేరేసరికి కారు స్టార్ట్ కాదు. మోటర్‌హోమ్ నుంచి కారు బ్యాటరీకి ఒక ఛార్జింగ్ తీగ, రెండు కొసల దగ్గరా ఫ్యూజు పెట్టి లాగండి. పుస్తకంలో ఫలానా ఫ్యూజు తీసెయ్యమని ఉంటే దానికి చిన్న స్విచ్చి పెట్టుకోవచ్చు, రోజూ ఫ్యూజు పీకక్కర్లేదు.

కొత్తమజిలీ | మంగళవారం, రాత్రి 9:05
బేస్ ప్లేటు సూచనల కాగితం ఇంట్లో చూపించాను, అనుమతి దొరికింది. పెయింటు ఎక్కడా కొయ్యక్కర్లేదు. ఒక సందేహం. మా మోటర్‌హోమ్ పెద్దది, బ్రేకులు బాగున్నాయి. కారేమో 900 కిలోలు. దానికి విడిగా బ్రేకు సిస్టం నిజంగా అవసరమా, లేక అమ్ముకునేవాళ్ల మాటా?

మూడోగేరు | మంగళవారం, రాత్రి 9:21
నేను రెండేళ్లు అది లేకుండానే లాగాను. ఏమీ కాలేదు.

నిదానం | మంగళవారం, రాత్రి 9:48
మీకు ఏమీ కాలేదు, సంతోషం. మోటర్‌హోమ్ బ్రేకులు మోటర్‌హోమ్ బరువుకి లెక్కకట్టి పెట్టినవి. వెనక ఇంకో 900 కిలోలు తోస్తుంటే ఆగే దూరం పెరుగుతుంది, లోయలోకి దిగే రోడ్డు మీద బ్రేకులు వేడెక్కుతాయి. చట్టం కూడా చూసుకోవాలి. బ్రిటన్‌లో ఇలా లాగే కారుని ట్రెయిలర్‌గానే లెక్కేస్తారు, 750 కిలోలు దాటితే బ్రేకులు పనిచెయ్యాల్సిందే. అమెరికాలో ఒక్కో రాష్ట్రానిది ఒక్కో అంకె. స్పెయిన్‌లో ఇలా లాగేవాళ్లకి జరిమానాలు పడ్డాయి. ఏ దేశంలో తిరిగితే ఆ దేశం రూలు ముందే చదువుకోండి.

గేర్‌బాక్స్ బాబాయి | మంగళవారం, రాత్రి 10:10
అసలు కారణం ఇంకోటుంది. కారు బార్ నుంచి తెగితే ఏమవుతుంది? డ్రైవరు లేని కారు ఎదురు రోడ్డులోకి పోతుంది. బ్రేకు సిస్టంతో పాటు బ్రేక్‌అవే స్విచ్చి వస్తుంది. తెగిన క్షణంలో దాని పిన్ను ఊడి కారు బ్రేకులు తమంతట తామే పడతాయి. నా దృష్టిలో ఆ పిన్ను కోసమైనా సిస్టం పెట్టాలి.

ఆ పిన్ను కేబుల్ కొసని టో బార్‌కో, ఊడివచ్చే అడాప్టర్‌కో కట్టేవాళ్లని చూశాను. అడాప్టరే ఊడిపోతే కేబులూ దాంతోనే పోతుంది, పిన్ను లాగేదెవరు? నేరుగా మోటర్‌హోమ్ ఛాసిస్‌కి కట్టండి, మలుపుల్లో బిగుసుకోకుండా కాస్త వదులుంచి. సేఫ్టీ కేబుళ్లు రెండూ బార్ కింద గుణకారం గుర్తులా అడ్డంగా వెయ్యండి.

స్పేర్‌టైర్ | మంగళవారం, రాత్రి 10:35
బ్రేకు సిస్టంలలో చౌకరకం, కారు సీటుకీ బ్రేకు పెడల్‌కీ మధ్య పెట్టే పెట్టె. మోటర్‌హోమ్ నెమ్మదిస్తే లోపలి సెన్సార్ పసిగట్టి పెడల్ నొక్కుతుంది. పెట్టేముందు, ఇంజిన్ ఆపాక పెడల్‌ని నాలుగైదుసార్లు కాలితో నొక్కి బూస్టర్‌లో (పెడల్‌కి బలం కలిపే భాగం) వాక్యూమ్ ఖాళీ చెయ్యాలి. అది చెయ్యకుండా సెట్ చేస్తే మొదటి రెండుసార్లు గట్టిగా పడుతుంది, తర్వాత అసలు పడనట్టుంటుంది. హైబ్రిడ్ లాంటి కార్లలో ఇంజిన్ ఆపినా పవర్ బ్రేకు పనిచేస్తూనే ఉండొచ్చు, వాటికి సెట్టింగు వేరు.

వెనకచూపు | బుధవారం, ఉదయం 7:02
నా అనుభవం ఒకటి రాస్తాను, కావాలంటే నవ్వుకోండి. రెండేళ్ల కిందట హైవే మీద పోతున్నాను. పాట పెట్టుకున్నాను, బండి మెత్తగా పోతోంది. పక్కనుంచి ఒక లారీ డ్రైవరు హారన్ కొట్టి, చెయ్యి ఊపి, వెనక్కి చూపిస్తున్నాడు. పలకరిస్తున్నాడేమో అనుకుని నేనూ చెయ్యి ఊపాను. ఇంకో కారువాడు కూడా ఊపాక ఆపి దిగాను. కారు కుడి వెనక టైరు లేదు. రబ్బరు మొత్తం ఊడిపోయి రిమ్ము మీద వస్తోంది. ఎంత దూరం నుంచో తెలియదు. స్టీరింగ్‌లో ఒక్క వణుకు కూడా రాలేదు. పెద్ద బండిలో వెనకున్న కారు తెలియనే తెలియదు.

ఆ సాయంత్రమే నాలుగు టైర్లకీ ప్రెషర్ సెన్సార్లు కొన్నాను. తెర మోటర్‌హోమ్ డాష్‌బోర్డు మీద ఉంటుంది. వెనక కెమెరా కూడా కారు బానెట్ కనబడేలా తిప్పుకున్నాను.

మూడోగేరు | బుధవారం, ఉదయం 7:30
సరే, నేనూ ఒప్పుకుంటాను. ‘ఏమీ కాలేదు’ అన్నాను గానీ ఒకసారి మూడో గేరులో మర్చిపోయి లాగాను. రెండు కిలోమీటర్ల లోపే పొగ కనబడి ఆపాను. ఇంజిన్ పోయింది. అప్పటినుంచే నాకీ పేరు.

కొత్తమజిలీ | మూడు వారాల తర్వాత, ఆదివారం, రాత్రి 8:20
మొదటి ప్రయాణం చేసి వచ్చాం. ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

బేస్ ప్లేటుకి ఒక రోజన్నర పట్టింది. 8 బోల్టులు. ఆరు క్లిప్పులు విరిగాయి, స్పేర్‌టైర్ గారి గుప్పెడు లెక్క సరిపోయింది. వైరింగ్‌కి విడి బల్బుల పద్ధతే పెట్టాను. మా మోటర్‌హోమ్‌లో నిజంగానే తీగల రంగులకీ పనికీ సంబంధం లేదు, ముందున్న ఓనరు ఏదో చేశాడు. బ్రేక్‌అవే పరీక్షకి నిలబడి ఉండగా పిన్ను పీకి, మోటర్‌హోమ్‌ని అంగుళం ముందుకి కదిపాను. కారు చక్రాలు బిగుసుకుపోయాయి. ఆ శబ్దం వింటే ధైర్యం వచ్చింది.

బయల్దేరే ముందు ఖాళీ స్థలంలో నేను నెమ్మదిగా ముందుకి పోనిస్తుంటే మా ఆవిడ పక్కన నడిచింది. నాలుగు చక్రాలూ తిరుగుతున్నాయా, నేను మలుపు తిప్పితే కారు ముందు చక్రాలు కూడా తిరుగుతున్నాయా, బార్ రెండు చేతులూ టక్కున లాక్ పడ్డాయా అని చూడటానికి. ఎడమ చెయ్యి పడలేదు. ఇంకో పది అడుగులు పోనిస్తే పడింది.

తప్పు చేసింది పెట్రోలు బంకులో. లోపలికి తిప్పాక ముందు సిమెంటు స్తంభం. వెనక్కి తియ్యడానికి లేదు, తీస్తే కారు ముందు చక్రాలు అడ్డం తిరిగి బార్ వంగుతుందని ఇక్కడే ఎక్కడో చదివాను. వెనక నాలుగు బండ్లు హారన్లు. కారు విప్పుదామంటే మలుపులో ఆగాం కాబట్టి బార్ బిగుసుకుపోయి పిన్ను రాదు. పది నిమిషాలు చెమటలు.

కారు ఓనర్‌ని | ఆదివారం, రాత్రి 8:41
నిజానికి ఇరవై. పిన్ను వచ్చింది నేను కార్లో కూర్చుని స్టీరింగ్ కాస్త అటూ ఇటూ తిప్పితే. అప్పుడు బార్ మీద ఒత్తిడి వదిలింది. ఇకమీదట బంకుకి వెళ్లాలంటే ముందు నేను దిగి బయటికి వెళ్లే దారి చూసొస్తాను. వీలైతే ఇంకా లారీలు తిరిగేంత పెద్ద బంకులకే.

ఒక ప్రశ్న. ముందు అద్దం కింద బానెట్ మీద చిన్న చిన్న రాళ్ల దెబ్బలు పడ్డాయి, మూడు. ఏం చెయ్యాలి?

వెనకచూపు | ఆదివారం, రాత్రి 9:00
మోటర్‌హోమ్ వెనక చక్రాలు విసిరినవే. వాటి వెనక మడ్‌ఫ్లాప్‌లు చూసుకోండి. బార్ మీద బిగించే అడ్డు తెరలు కూడా దొరుకుతాయి, నాది అదే. బానెట్ మీద గుడ్డ కప్పకండి, దుమ్ము కిందికి చేరి గాలికి రుద్దుకుని ఇంకా ఎక్కువ గీతలు పడతాయి.

నిదానం | ఆదివారం, రాత్రి 9:14
బాగా చేశారు. 100 కి.మీ. దగ్గర ఆగి బోల్టుల గీతలు చూశారా?

కొత్తమజిలీ | ఆదివారం, రాత్రి 9:20
బంకు గొడవలో మర్చిపోయాను. రేపు పొద్దున్నే చూస్తాను.

కారు ఓనర్‌ని | ఆదివారం, రాత్రి 9:52
టార్చి పట్టుకుని ఇప్పుడే చూసొచ్చాను. ఏడు బోల్టుల గీతలు సరిగ్గానే ఉన్నాయి. ఎనిమిదో దానికి అసలు గీతే లేదు. రెంచి పెడితే పావు చుట్టు తిరిగింది.